తెలుగునాట సిపాయి బొమ్మ

సైనికుల బొమ్మలు చేసి, రంగులద్ది, ఒక యుద్ధ ఘట్టం కళ్లకు కట్టేలా వాటిని నేల మీద పేర్చే పని తెలుగునాట రెండు దారుల్లో సాగింది. ఒకటి ఊళ్లలో పుట్టిన దారి. పొణికి కర్ర, చింతగింజల అంబలి, సుద్ద, తిరుమణి బంకలతో నకాషీలనే చిత్రకారులు చేసిన వీరుల బొమ్మలవి. రెండోది ఓడల్లో దిగిన దారి. యూరపు అచ్చుల్లో పోతపోసిన తగరపు, సీసపు సిపాయిలు ఆ దారిన వచ్చాయి. మొదటివి కథ చెప్పేవాళ్లకూ, కొలువు పెట్టే ఇళ్లకూ చేరాయి. రెండోవి ముందు సంపన్నుల పిల్లల చేతికి, ఆ తర్వాత పెద్దల అభిరుచికి చిక్కాయి. ఈ రెండింటి మధ్య రాకపోకలు లేవనే చెప్పాలి. అయినా పని పద్ధతి దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకచోట కలుస్తాయి. ఒకే మొండేనికి చేతులు మార్చి, తల మార్చి, తలపాగా మార్చి వేరే మనిషిని నిలబెట్టడమే ఆ చోటు. స్కేల్ మోడల్ చేసేవాళ్లు ఇప్పుడు కన్వర్షన్ అంటున్న పని కొండపల్లి బొమ్మల పనివారికి తాతల నాటి నుంచీ చేతిలో ఉన్నదే.

ఊరి దారిలో యుద్ధానికి అన్నిటికంటె దగ్గరగా నిలిచేవి మందెచ్చుల బొమ్మలు. తెలంగాణలో ఒక్కో కులానికి దాని పురాణం చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. వీళ్లకు ఆధారం నకాషీలు గుడ్డ మీద రాసిన పటం. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవారి ఆధారం మాత్రం నిలబెట్టే బొమ్మలు. కాటమరాజు, అతని పక్షాన పోరాడిన వీరులు, గంగమ్మ, గుర్రాలు, ఎదుటి పక్షంవారు, అన్నీ కలిపి యాభై దాకా బొమ్మలుండే జట్టు అది. కథలో పాత్ర వచ్చినప్పుడు ఆ బొమ్మ ముందుకొస్తుంది. కథ నడిచేకొద్దీ రణరంగం నిండుతుంది.

ఆ కథకు చరిత్రలో పునాది ఉంది. 13వ శతాబ్దంలో కరువు వచ్చి పశువుల మందలను దక్షిణానికి తోలుకుపోయిన కాటమరాజుకూ, నెల్లూరు పాలకుడు నల్లసిద్ధికీ పుల్లరి అనే మేత పన్ను దగ్గర తగాదా ముదిరింది. ఎర్రగడ్డపాడు దగ్గర యుద్ధం జరిగింది. నల్లసిద్ధి పక్షాన పోరాడిన ఖడ్గతిక్కన వెనుదిరిగి ఇంటికొచ్చి, భార్య, తల్లి చేతుల్లో అవమానపడి, మళ్లీ వెళ్లి ప్రాణాలిచ్చిన ఉదంతం ఈ యుద్ధానిదే. అంటే మందెచ్చుల పెట్టెలో ఉన్నవి దేవుళ్ల బొమ్మలు మాత్రమే కావు. ఒక మేత పన్ను తగాదాలో రెండు పక్షాల సైన్యాలు కూడా. బొమ్మల గురించి రాసేవాళ్లు వీటిని జానపద కళ పద్దులో వేసి ఊరుకుంటారు గాని, యుద్ధ ఘట్టాన్ని బొమ్మలతో నిలబెట్టే సంప్రదాయం ఇక్కడ ఉందని చెప్పడానికి ఇంతకంటె గట్టి సాక్ష్యం దొరకదు.

ఈ బొమ్మలు చేసినది నకాషీ కుటుంబాలు. వాళ్ల కేంద్రంగా ఈనాటికీ పేరున్నది చేర్యాల. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. పొణికి కర్రతో మొండెం చెక్కి, చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కు, మీసం, నడికట్టు, నగలు ఎత్తుగా తీర్చుతారు. ముద్ద ఆరాక సుద్ద పూత పడుతుంది. ఆ తెలుపు మీదే రంగు. తెలుపుకు సుద్ద, నలుపుకు దీపపు మసి, ఎరుపుకు ఇంగిలీకం, నీలానికి నీలిమందు. ఈ పొడులను పట్టి ఉంచేది తిరుమణి బంక. పటానికైనా బొమ్మకైనా ముఖం చివరి పని, ముఖంలో కళ్లు ఇంకా చివరి పని. దూరంగా కూర్చున్న జనానికి కూడా ఎవరు ఎవరో తెలియాలి కాబట్టి రంగుకు ఒక్కో పాత్రతో స్థిరమైన పొత్తు ఉంటుంది, గీత నల్లగా, మందంగా ఉంటుంది. నీడలు వేయరు. వెన్నెల్లోనో కాగడా వెలుగులోనో చూసే బొమ్మకు నీడ వేయడం రంగు దండగ.

కొండపల్లిది వేరే సందర్భం. విజయవాడకు దగ్గరలో, రెడ్డిరాజుల నాటి కోట కింద ఉన్న ఊరు. 1766లో కోట ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాక అక్కడ సైనిక శిక్షణ కూడా సాగింది. కోట పైన సిపాయిల కవాతు, కింద వీధిలో బొమ్మల పని. ఆర్యక్షత్రియులమని చెప్పుకునే అక్కడి పనివారు తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారంటారు. తమ వృత్తికి మూలపురుషుడు ముక్తఋషి అని కూడా అంటారు.

కొండపల్లి పనిలో ఆసక్తికరమైనది అంగాల లెక్క. తెల్ల పొణికి మెత్తని, తేలికైన కర్ర. పచ్చిగా పని చేస్తే ఆరేటప్పుడు పగులుతుంది కాబట్టి ముందు ఎండబెట్టి, సన్నని సెగ మీద తేమ లాగేస్తారు. బాడిసతో, ఉలితో మొండెం ఒకటిగా, తల, చేతులు, ఆయుధాలు విడివిడిగా చెక్కుతారు. అవన్నీ అతికేది మక్కుతో. మక్కంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. అది జిగురూ అవుతుంది, కీళ్ల దగ్గర సందు పూడ్చే కండా అవుతుంది. ఆరాక ఆకురాయితో నున్నగా రాసి, సుద్ద పూసి, మేక వెంట్రుకల కుంచెతో రంగు వేస్తారు. ఈ పద్ధతిలో భంగిమ మొండెంలో లేదు, కీలులో ఉంది. చేతిని భుజం దగ్గర ఏ కోణంలో అతికితే ఆ మనిషి అవుతాడు. పైకెత్తి అతికితే ఈటె పట్టిన బంటు, ముందుకు చాపితే పల్లకి బోయీ, కిందికి వంచితే నాగలి పట్టిన రైతు. ఏనుగు అంబారీ బొమ్మలోని మావటీడు, గీతోపదేశం రథం మీది అర్జునుడు, తాటిచెట్టెక్కిన గీత కార్మికుడు దూరపు చుట్టాలేమీ కారు.

నిర్మల్ ముచ్చట క్లుప్తంగా చాలు. అక్కడి బొమ్మల కర్రా పొణికే, అతికే ముద్దా చింతగింజలదే. పళ్లు, పక్షులు, జంతువుల బొమ్మలకు, నున్నని రంగుల చిత్రాలకు పేరు మోసిన ఊరది. నిజాం ఫౌజుకు ఫిరంగులు పోసిన ఊరు కూడా అదే. చుట్టుపక్కల ఇనుప పని ఎంత ప్రసిద్ధమో కోనసముద్రం ఉక్కు చెబుతుంది. నిజమైన ఆయుధాలు చేసిన చోట బొమ్మ ఆయుధాలకు పెద్ద గిరాకీ లేకపోవడం విచిత్రమే.

ఈ బొమ్మలు ఒక దృశ్యంగా కూడేది బొమ్మల కొలువులో. కోస్తాలో సంక్రాంతికి, రాయలసీమలోనూ మరికొన్ని చోట్లా దసరాకు పెట్టే కొలువులో మెట్ల మీద దేవుళ్లు, రాజులు వరుస తీరితే, మెట్ల ముందు నేల మీద పిల్లలు ఊరు కట్టేవారు. ఇసుక పరిచి, ముందుగానే ఆవాలో మెంతులో చల్లి మొలిపించి పైరు చేసి, పాత అద్దం ముక్కను చెరువు చేసి, చెరువు గట్టున బొమ్మల్ని నిలబెడతారు. దీన్ని తెలుగువాళ్ల డయోరమా (దృశ్య నమూనా) అంటే తప్పులేదు. ఒక్క తేడా మాత్రం గట్టిది. కొలువులో కొలత అక్కర్లేదు. జానెడు కృష్ణుడి పక్కన మూరెడు పోలీసు నిలబడినా ఎవరూ ఏమీ అనుకోరు. యూరపు దారిలో వచ్చిన బొమ్మలకు ప్రాణం కొలతే.

ఆ దారి మొదలు జర్మనీలోని న్యూరెంబర్గ్. 18వ శతాబ్దం చివరి భాగంలో అక్కడ యోహాన్ హిల్పెర్ట్ వంటి తగరపు పనివారు పలక రాళ్లలో చెక్కిన అచ్చుల్లో పలచని, చదునైన సైనికుల్ని పోసి అమ్మేవారు. 19వ శతాబ్దంలో ఎర్నెస్ట్ హైన్రిక్సెన్ కర్మాగారం పుణ్యమా అని 30 మి.మీ. ఎత్తు ప్రమాణంగా స్థిరపడింది. ఆండర్సన్ 1838లో రాసిన తగరపు సిపాయి కథలో చివరి సిపాయికి ఒక కాలు ఉండదు. పాత తగరపు గరిటె కరిగించి పోస్తే ఇరవై ఐదో బొమ్మకు తగరం చాలలేదు మరి. పోత పనిలో రోజూ జరిగే పొరపాటే అది. పారిస్‌లో లుకోట్, మిన్యో సంస్థలు నిండు ఆకారపు గట్టి బొమ్మలు చేశాయి. వాటి బరువూ, ధరా ఎక్కువే.

1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కుటుంబం ఈ లెక్కను తిరగేసింది. సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి కరిగించి అచ్చులో పోస్తారు. లోహం అచ్చు గోడలకు తగిలిన చోట ముందు గడ్డకడుతుంది. నడుమ ఇంకా ద్రవంగా ఉండగానే అచ్చును బోర్లించి మిగిలింది వంపేస్తారు. గుల్ల బొమ్మ మిగులుతుంది. సీసం ఖర్చు తగ్గింది, ఓడ కిరాయి తగ్గింది, జర్మన్ సరుకు ధరకు బ్రిటన్ బొమ్మ పోటీ వచ్చింది. బొమ్మ రైళ్ల కొలతకు సరిపోయేలా ఎంచుకున్న 54 మి.మీ. ఎత్తే ఆ తర్వాత ప్రపంచమంతా బొమ్మ సైనికుల కొలత అయింది. మామూలు మనిషిని 32వ వంతుకు కుదిస్తే వచ్చే ఎత్తు అది.

బ్రిటన్ సంస్థ తొలి దశాబ్దాల్లోనే భారతీయ దళాల పెట్టెలు కూడా విడుదల చేసింది. బెంగాల్ అశ్వికులతో పాటు మద్రాసు అశ్విక దళం, మద్రాసు పదాతి దళం వాటిలో ఉన్నాయి. ఇక్కడొక వ్యంగ్యం ఉంది. మద్రాసు సైన్యం తొలినాళ్లలో తెలుగు సిపాయిలకు కొదవ లేదు. బెంగాల్‌కు తరలివెళ్లిన వాళ్ల మూలంగానే ఉత్తరాదిలో సిపాయిని తిలంగా అనేవారు. తీరా లండన్ పెట్టెల్లో మద్రాసు సిపాయి బొమ్మ తళతళలాడే నాటికి, యుద్ధ జాతులనే సిద్ధాంతం పట్టుకున్న ఆంగ్ల సేనానులు తెలుగువాళ్ల భర్తీని తగ్గించేస్తున్నారు. బొమ్మ పెట్టెలో చేరినవాడికి బారకాసులో చోటు పోయింది.

హైదరాబాదులో ఈ దిగుమతి సిపాయిలను నేటికీ చూడగల చోటు సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కొద్దికాలం నిజాం దివానుగా పనిచేసి, 1914లో పదవి వదిలాక మిగిలిన జీవితమంతా వస్తు సేకరణలో గడిపాడు. పిల్లలు లేని ఆయన సేకరణలో పిల్లల బొమ్మలకు పెద్ద వాటా దక్కింది. పింగాణీ బొమ్మలు, రైళ్లు, వాటితో పాటు యుద్ధానికి తీరిన లోహపు సిపాయి దళాలు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. పిల్లల విభాగంలో ఆ దళాలు గాజు వెనుక బారులు తీరి ఉంటాయి. జనం మాత్రం గంటకోసారి చిన్న మనిషి బయటికొచ్చి గంట కొట్టే కుక్ అండ్ కెల్వీ గడియారం దగ్గరే గుమిగూడతారు. సిపాయిలకు సెలవు రోజుల్లో వచ్చే బడి పిల్లలే దిక్కు.

పిల్లల ఆట పెద్దల పనిగా మారడానికి రెండు కారణాలు చెప్పుకోవాలి. మొదటిది యుద్ధాన్ని నమూనాగా చూపాలన్న కోరిక. విలియం సైబోర్న్ అనే అధికారి వాటర్లూ యుద్ధాన్ని డెబ్బై వేలకు పైగా చిట్టి లోహపు సైనికులతో పేర్చి 1838లో లండన్‌లో ప్రదర్శించాడు. దాని కోసం పోరాటంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి సాక్ష్యాలు సేకరించాడు. ఆ ఉత్తరాలే తర్వాత చరిత్రకారులకు గని అయ్యాయి. రెండోది ముడిసరుకు మారడం. పిల్లల నోటికి సీసం చేటని తేలాక బ్రిటన్ సంస్థ 1966లో గుల్ల సీసపు బొమ్మలు ఆపేసింది. ప్లాస్టిక్ వచ్చింది. 1960ల దశకంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన హిస్టోరెక్స్ పెట్టెల్లో తల, చేతులు, కాళ్లు, సంచులు, బొత్తాలు అన్నీ విడి ముక్కలే. కొన్నవాడే అతుక్కోవాలి. అక్కడికొచ్చేసరికి యూరపు బొమ్మ కొండపల్లి పద్ధతిలోకి దిగింది. భంగిమను అచ్చు నిర్ణయించడం పోయి కీలు నిర్ణయించడం మొదలైంది.

ఈ పని ఎలా సాగుతుందో చెప్పడానికి తెలంగాణకు సంబంధించిన దళాన్నే తీసుకుంటే, దక్కన్ హార్స్‌ను మించినది లేదు. నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన హైదరాబాదు కంటింజెంటు అశ్విక దళాల వారసత్వం దానిది. 1903లో 20వ దక్కన్ హార్స్ అన్న పేరు వచ్చింది. 1921లో 29వ లాన్సర్స్‌తో కలిసి 9వ దక్కన్ హార్స్ అయింది. ఇప్పుడది భారత సైన్యంలో ట్యాంకుల రెజిమెంటు. మొదటి ప్రపంచ యుద్ధంలో సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడులో భాగంగా ఫ్రాన్సు వెళ్లి, 1916 జులై 14 సాయంత్రం సోమ్ యుద్ధరంగంలో హై వుడ్ అనే అడవి పక్కన, 7వ డ్రాగూన్ గార్డ్స్‌తో కలిసి కోతకొచ్చిన పైరు మధ్య నుంచి గుర్రాలు దూకించింది. కందకాల యుద్ధంలో అశ్వికుల దాడి అరుదు కాబట్టి ఆ రోజుకు పేరు వచ్చింది. దాడికి ముందు బారులు తీరిన దళం ఫొటోలు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. డయోరమాకు ఇంతకంటె ఏం కావాలి?

దళం బొమ్మ సిద్ధంగా దొరక్కపోతే దగ్గరి బొమ్మను మార్చుకోవాలి. ఆ కాలపు బ్రిటిష్ అశ్వికుడి బొమ్మలో కాళ్లు, గుర్రం, జీను చాలావరకు పనికొస్తాయి. తల పనికిరాదు. దక్కన్ హార్స్‌లో దక్కనీ ముస్లింలతో పాటు సిక్కులు, జాట్లు కూడా ఉన్నారు. ముస్లిం సవారు శంఖువులా మొనదేలిన కుల్లా టోపీ పెట్టి దాని చుట్టూ లుంగీ అనే తలపాగా గుడ్డ చుట్టేవాడు. సిక్కు సవారుకు కుల్లా ఉండదు, గడ్డం ఉంటుంది. ఒకే వరసలో రెండు రకాల తలలు రావాలన్నమాట. అందరికీ ఒకే తల పెట్టినవాడు దళం గురించి చదవలేదని చూడగానే తెలిసిపోతుంది.

పాత తలను సన్నని రంపంతో మెడ దగ్గర కోసి, బోడితల ఒకటి ఇత్తడి తీగతో గుచ్చి నిలబెడతారు. తలపాగాకు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ వాడతారు. విదేశీ సరుకు దొరకనివాళ్లకు ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే ఎం-సీల్ దిక్కు. అది ముతక, తొందరగా బిగుస్తుంది, అయినా పెద్ద ముద్దలకు పనిచేస్తుంది. పుట్టీని పలచగా తట్టి, సన్నని పట్టీలుగా కోసి, నిజంగా తలపాగా చుట్టినట్టే ఒక్కో చుట్టూ వేయాలి. ముద్దగా పెట్టి పైన గీతలు గీస్తే అది తలపాగా కాదు, గుమ్మడికాయ. చేయి మార్చేటప్పుడు కొండపల్లి పనివాడి సమస్యే ఎదురవుతుంది. చేయి పైకి లేస్తే భుజం, చంక, చొక్కా మడత అన్నీ మారాలి. భుజం కీలు సందులో పుట్టీ నింపి మడతలు తీర్చాలి. మక్కు చేసే పని అక్కడ పుట్టీ చేస్తుంది.

కొలత ఇక్కడ కఠినంగా ఉంటుంది. 32వ వంతులో తొమ్మిది అడుగుల ఈటె సుమారు 86 మి.మీ. అవుతుంది. పదిహేను చేతుల ఎత్తు గుర్రం భుజం దగ్గర 48 మి.మీ. ఉంటుంది. మీటరు ఎత్తు పైరు మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఈటె కర్రకు ప్లాస్టిక్ వంగిపోతుంది కాబట్టి ఉక్కు తీగ మేలు. పైరుకు జనపనార పీచు కత్తిరించి, జిగురులో నిలబెట్టి, గుర్రపు డెక్కలు తొక్కిన చోట వంచుతారు. జులై మధ్యలో పంట బంగారు రంగుకు తిరుగుతుంది గాని, షెల్లులు పడిన చోట తెల్లని సున్నపు మట్టి బయటపడుతుంది. సోమ్ నేల కింద సుద్దరాయి ఉంది. ఆ తెలుపు లేని సోమ్ దృశ్యం ఎంత బాగా చేసినా ఇంకెక్కడిదో అనిపిస్తుంది.

రంగు దగ్గర రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. నకాషీ బొమ్మ మెరిసే చదును రంగు కోరుతుంది. 54 మి.మీ. సైనికుడి మీద ఖాకీ చదునుగా వేస్తే ప్లాస్టిక్ ముక్కలా ఉంటాడు. కారణం వెలుగు. నిండు మనిషి చొక్కా మడతలో పడే నీడ ఎంతో లోతు ఉంటుంది. బొమ్మ మడత మిల్లీమీటరులో నాలుగో వంతు లోతే, గదిలోని దీపం దానికి నీడ ఇవ్వలేదు. అందుకని నీడను కుంచెతో వేయాలి. ముందు బూడిద రంగు పూత, దాని మీద మధ్యస్థపు ఖాకీ, మడతల లోతుల్లోకి నీళ్లలా పలచన చేసిన ముదురు గోధుమ రంగు, అంచుల మీద లేత ఖాకీ. ఈ క్రమంలో సుద్ద పూత స్థానం మొదటి పూతకు దక్కింది. కళ్లు మాత్రం ఇక్కడ కొందరు ముందే వేస్తారు. కనుగుడ్డు తప్పితే ముఖమంతా తుడిచేయక తప్పదు, చివర తుడిస్తే నష్టం ఎక్కువ. నకాషీ చెయ్యి తప్పదు కాబట్టి చివరకు ఉంచుకున్నాడు.

ఫొటోలు నలుపు తెలుపువి కావడంతో ఖాకీ ఏ ఛాయో నిర్ణయించడం మోడలర్ పని. భారతీయ దళాల ఖాకీ ఉతుకుల్లో వెలిసి, ఒక్కో సవారుకు ఒక్కో ఛాయ వచ్చేది. దళంలో అందరికీ ఒకే సీసాలోని రంగు వేయడం సోమరితనమే. శాంతి కాలపు కవాతు దుస్తులు చేయదలిస్తే లెక్క వేరు. ముదురు ఆకుపచ్చ కుర్తా, తెల్లని అంచులు, నడుముకు కట్టిన పట్కా, వాటి తీరు తెలిపే రంగు చిత్రాలు ఉన్నాయి. అది కొండపల్లి రంగులకు దగ్గర. అమ్మకానికి వచ్చే పాత సీసపు బొమ్మలు ఎక్కువగా ఈ కవాతు దుస్తుల్లోనే ఉండటం వింతేమీ కాదు. ఖాకీ కొనేవాడెవడు?

దక్కను చరిత్రలో ఇంకా వెనక్కి పోయేకొద్దీ మార్చుకోవడానికి దగ్గరి బొమ్మ కూడా దొరకదు. యూరపు, జపాను కంపెనీలకు నెపోలియన్ యుద్ధాలు, రెండో ప్రపంచ యుద్ధమే ప్రధాన సరుకు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నాన్నే చూడండి. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ దారిలో, ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580) పేరు మీద వెలసిన ఊరు, ఆ కాలపు పెద్ద చెరువు ఉన్న ఊరు. పేరిచ్చిన సుల్తాను 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధానికి సైన్యంతో వెళ్లాడు. అంతకుముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నవాడు, అదే రామరాయల మీద కత్తి దూశాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఆ సుల్తాను సైన్యం ఎలా ఉండేదో బొమ్మల్లో చూపాలంటే మొండెం నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఆధారాలు లేకపోలేదు. విజయనగరం వైపు దుస్తులకు లేపాక్షి కుడ్యచిత్రాల్లోని పొడుగు కుల్లాయి టోపీలు, అంగీలు ఉన్నాయి. హంపీ హజారరామాలయం బయటి గోడ మీద గుర్రాలు, ఏనుగులు, కాల్బలం వరసలు తీరి ఉన్నాయి. అవతలి పక్షానికి అహ్మద్‌నగర్‌లో యుద్ధం ముగిసిన వెంటనే తయారైన తారీఫ్-ఎ-హుసేన్ షాహీ రాతప్రతిలోని చిత్రాలున్నాయి. అది పుణెలోని భారత ఇతిహాస సంశోధక మండలిలో భద్రంగా ఉంది. 18వ శతాబ్దానికి దిగితే ఇంకో ఘట్టం దొరుకుతుంది. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం యూరపు పద్ధతిలో తీర్చిన పటాలాలు, హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో పోసిన ఫిరంగులు, 1798లో రేమండ్ చనిపోయిన కొద్ది నెలలకే ఇంగ్లీషువాళ్లు ఆ పటాలాలను నిరాయుధం చేసిన రోజు. ఇవన్నీ బొమ్మలుగా నిలబడటానికి అర్హమైనవే.

చేసిన బొమ్మ నిలవడం ఇంకో విద్య. రెండు దారుల బొమ్మలకూ శత్రువులు వేరు. పొణికి మెత్తని కర్ర కాబట్టి పురుగు తొందరగా పడుతుంది. చింతగింజల ముద్ద తేమ తగిలితే ఉబ్బి, సుద్ద పూత పెచ్చులూడుతుంది. వేసవి ఎండకు కర్ర కుంచించుకుని కీళ్ల దగ్గర రంగు చిట్లుతుంది. సీసానికి పురుగు భయం లేదు గాని ఆమ్లపు ఆవిరి శత్రువు. ఓక్ వంటి కర్రలు, కొన్ని రకాల ప్లైవుడ్, జిగురు వదిలే ఎసిటిక్ ఆమ్లం మూసిన అలమరాలో చేరితే, సీసం మీద తెల్లని బూజులాంటి పొడి పుట్టి, లోపలికి తినుకుంటూ పోయి బొమ్మను పొడి చేసేస్తుంది. అందుకే పాత సీసపు దళాలను కర్ర పెట్టెల్లో మూసి ఉంచకుండా, లోహపు అల్మరాల్లో గాలి ఆడేలా, తేమ తక్కువగా ఉండేలా ఉంచుతారు. అంత పొడి గాలి చేర్యాల బొమ్మకు పడదు. సుద్ద పగులుతుంది. కాటమరాజునూ మద్రాసు సిపాయినీ ఒకే అలమరాలో పెట్టడానికి వీల్లేదు.